రక్తపోటు, గుండె జబ్బుల మందులు వాడేవారికి ఇంట్లో చేయవలసిన పరిచర్య

రక్తపోటుకో గుండె జబ్బుకో మందులు వాడే రోగి ఆసుపత్రిలో గడిపేది ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే. మిగిలిన కాలమంతా అతనికి నర్సు ఇంట్లోని భార్య, కోడలు, కూతురు, లేదా బడికి వెళ్ళే మనుమడు. ఆసుపత్రిలో శిక్షణ పొందిన నర్సు మాత్రను రోగి చేతిలో పెట్టే ముందు రక్తపోటు చూస్తుంది, నాడి లెక్కిస్తుంది, నిన్నటి చీటీతో పోల్చుకుంటుంది. ఇంటి వద్ద మాత్రం మాత్రను, మంచినీళ్ళను అందించడమే పరిచర్య అనుకుంటారు. ఈ మందుల విషయంలో ఇచ్చే ముందు చూడవలసిన ఆ రెండు మూడు నిమిషాలే ముఖ్యం. ఆ నిమిషాలలో ఏమి చూడాలో, ఏది కనిపిస్తే వైద్యుని అడగాలో సాత్తూరు, కోవిల్‌పట్టి, విరుదునగరం పరిసర గ్రామాల తెలుగు కుటుంబాలను దృష్టిలో ఉంచుకొని ఇక్కడ వివరిస్తున్నాము. ఇంట్లో తెలుగు లిపి చదవగలవారు ఒక్కరున్నా, తక్కిన పెద్దలకు దీనిని చదివి వినిపించవచ్చు.

మాటల వల్ల వచ్చే చిక్కు

ఈ ప్రాంతపు తెలుగువారు ఇంట్లో తెలుగు మాట్లాడినా చదువు, వైద్యం, కచేరీ అన్నీ తమిళంలోనే. కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ కూడా తన రచనలన్నీ తమిళంలోనే చేశారు. ఇది తరతరాలుగా ఉన్నదే. అయితే రోగి బాధను చెప్పుకొనే మాట ఒకటి, వైద్యుడు వినే మాట మరొకటి అయినప్పుడు మధ్యలో కొంత జారిపోతుంది.

తమిళంలో రక్తపోటును ‘రత్తక్ కొదిప్పు’ అంటారు. కొదిప్పు అంటే ఉడుకు, మరుగు. అందువల్ల కోపం వచ్చినప్పుడే రక్తం కొదికిందని, మనసు చల్లబడగానే జబ్బు కూడా తగ్గిందని అనుకునే అవ్వలు, తాతలు నేటికీ చాలామంది ఉన్నారు. కోపం వల్ల పోటు కొంతసేపు పెరగడం నిజమే. కాని జబ్బు అది కాదు. రక్తనాళాలలో ఒత్తిడి రాత్రింబగళ్ళు హెచ్చుగా ఉండటమే జబ్బు. నొప్పి లేకుండానే అది గుండెను, మూత్రపిండాలను, మెదడును దెబ్బతీస్తుంది. ‘ఒంట్లో బాగానే ఉంది కదా’ అని మాత్ర మానడానికి మూలం ఈ అపోహే. బాగుండటం మాత్ర వల్లనే.

ఆసుపత్రిలో చెప్పవలసిన మాటలను కొన్నిటిని ముందే నేర్చుకోవడం మేలు. ఎదనొప్పిని ‘నెంజు వలి’ అని, ఆయాసాన్ని ‘మూచ్చుత్ తిణఱల్’ అని, కాళ్ళ వాపును ‘కాల్ వీక్కం’ అని, గుండెదడను ‘పడపడప్పు’ అని చెప్పాలి. ‘మయక్కం’ అనే మాటతో జాగ్రత్త అవసరం. తల తిరగడాన్నీ, స్పృహ తప్పడాన్నీ రెండింటినీ అదే మాటతో చెబుతారు. రెండూ ఒకటి కావు. పడిపోయాడా, స్పృహ తెలియలేదా, లేక లేచి నిలబడినప్పుడు మాత్రమే తూలాడా అన్నది విడమరచి చెప్పాలి. అలాగే మాత్రల కవరుపై ‘ఉణవుక్కు మున్’ అంటే భోజనానికి ముందు, ‘ఉణవుక్కు పిన్’ అంటే భోజనం తర్వాత. ‘కాలై, మదియం, ఇరవు’ అంటే ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. 1-0-1 అని రాసి ఉంటే ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. చదువురాని పెద్దలకు కవరుపై సూర్యుని బొమ్మ, చంద్రుని బొమ్మ గీసి ఇస్తే సరిపోతుంది.

ఒకే మందు, రెండు పేర్లు

మాత్రలు మానడం ఎంత ప్రమాదమో, తెలియక రెట్టింపు వేసుకోవడమూ అంతే. ఈ రెండవ పొరపాటు మన ఊళ్ళలో ఎలా జరుగుతుందో చూద్దాం.

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలో ‘మక్కళైత్ తేడి మరుత్తువం’ పథకాన్ని ప్రారంభించింది. దీని కింద మహిళా ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వచ్చి రక్తపోటు, మధుమేహం పరీక్షించి మాత్రలు ఇస్తారు. నడవలేని వృద్ధులకు ఇది గొప్ప మేలు. ఈ మాత్రలు 1994లో ఏర్పడిన తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ ద్వారా వస్తాయి. వాటిపై మందు అసలు పేరు మాత్రమే, ఉదాహరణకు అమ్లోడిపిన్ అని, ఉంటుంది. అదే రోగి ఏదో ఒక నెల పట్టణంలోని ప్రైవేటు వైద్యుని వద్దకు వెళితే ఆయన అమ్లాంగ్ అనో స్టామ్లో అనో రాయవచ్చు. అవీ అమ్లోడిపినే. పేరు వేరు, అట్ట రంగు వేరు కావడంతో ఇది ఆసుపత్రి మాత్ర, అది డాక్టరు మాత్ర అనుకొని రెండూ వేస్తారు. వారం తిరిగేసరికి కాళ్ళు వాస్తాయి, లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్ముతాయి. టెల్మిసార్టాన్‌కు టెల్మా, ఆస్పిరిన్‌కు ఎకోస్ప్రిన్, ఫ్యూరోసెమైడ్‌కు లాసిక్స్, డిగాక్సిన్‌కు లానాక్సిన్ ఇలాంటి అమ్మకపు పేర్లే.

ఇంట్లో ఉన్న అట్టలన్నిటినీ, పాతవి కొత్తవి అనక, ఒక సంచిలో వేసి ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా తీసుకువెళ్ళాలి. ఇంటికి వచ్చే కార్యకర్తకు కూడా ఆ సంచి చూపాలి. ‘వేరే చోట చూపించుకున్నామంటే కోపగిస్తారేమో’ అని దాచడం మన వాళ్ళలో ఉంది. ఆ మొగమాటం ప్రాణానికి హాని. అట్టను కత్తిరించి మాత్రలను విడివిడిగా డబ్బాలో పోయడమూ మంచిది కాదు, పేరు, గడువు తేదీ రెండూ పోతాయి.

మాత్ర ఇచ్చే ముందు

రక్తపోటు చూసే యంత్రం ఇంట్లో ఉంటే చేతి పైభాగానికి పట్టీ చుట్టే రకమే ఉండాలి. మణికట్టుకు పెట్టేవి అంతగా నమ్మదగినవి కావు. కాఫీ, టీ, పొగ, చుట్ట తర్వాత అరగంట ఆగాలి. మూత్రవిసర్జన చేసి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు మోపి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో బల్లపై ఆనాలి. పట్టీ చొక్కా చేతిపై కాక చర్మంపైనే చుట్టాలి. యంత్రం నడుస్తున్నంతసేపు మాట్లాడరాదు. ఒక నిమిషం ఆగి రెండోసారి చూసి రెండు అంకెలనూ తేదీతో నోటుపుస్తకంలో రాయాలి. ఉదయం మాత్రకు ముందు చూసిన అంకె వైద్యునికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

నాడి చూడటానికి యంత్రం అక్కరలేదు. బొటనవేలి మొదట, మణికట్టు లోపలి వైపు రెండు వేళ్ళు ఆనించి, గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కించాలి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేయడం గుండె జబ్బు రోగి విషయంలో పనికిరాదు, తప్పుతున్న లయ తెలియదు.

ఏ అంకె వద్ద మాత్ర ఆపి అడగాలన్నది అందరికీ ఒకటి కాదు. గుండె బలహీనత ఉన్నవారిలో కొందరు పై అంకె 100 దగ్గరే సుఖంగా ఉంటారు. అందుచేత ‘పై అంకె ఎంతకు తగ్గితే, నాడి ఎంతకు తగ్గితే ఈ మాత్ర ఇవ్వక మీకు ఫోను చేయాలి?’ అని వైద్యునే అడిగి చీటీపై రాయించుకోవాలి. అడిగితే రాయని వైద్యులు అరుదు, అడిగే కుటుంబాలే తక్కువ. అలా రాయించుకోని పక్షంలో, నాడి 50 కన్నా తగ్గినా, పై అంకె 100 కన్నా తగ్గి తల తిరుగుతున్నా, ఆ పూట మాత్రకు ముందే వైద్యునికో నర్సుకో తెలపాలి.

మందును బట్టి పరిచర్య

అమ్లోడిపిన్ వేసుకునేవారిలో కొందరికి చీలమండలు వాస్తాయి. ఇది రక్తనాళాలు సడలడం వల్ల వచ్చేది, మూత్రపిండాలు చెడినందువల్ల కాదు. చిగుళ్ళు కూడా వాయవచ్చు. తమంతట తాము మానక, వైద్యునికి చూపితే మోతాదు తగ్గిస్తారు లేదా మందు మారుస్తారు.

ఎనలాప్రిల్, రామిప్రిల్ వాడేవారికి కఫం లేని పొడిదగ్గు నెలల తరబడి పట్టవచ్చు. అగ్గిపెట్టెల, బాణసంచా పనివారు దానిని మందుపొడి వల్ల వచ్చినదనుకొని దగ్గు మందులు తాగుతూ పోతారు. మాత్ర మొదలైన తర్వాత దగ్గు వచ్చిందా అన్నది గుర్తుచేసుకొని చెప్పాలి. టెల్మిసార్టాన్, లోసార్టాన్ రకాలలో ఈ దగ్గు చాలా తక్కువ. పెదవులు, నాలుక, ముఖం హఠాత్తుగా వాస్తే మాత్రం అది అత్యవసరం. బిడ్డలు కలిగే వయసులోని స్త్రీలు ఈ రెండు రకాలూ వాడుతుంటే, నెల తప్పిన వెంటనే వైద్యునికి చెప్పాలి. కడుపులో బిడ్డకు ఇవి హాని చేస్తాయి.

నీళ్ళ మాత్రల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఫ్యూరోసెమైడ్, టార్సెమైడ్, హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్ శరీరంలో నిలిచిన ఉప్పునూ నీటినీ మూత్రం ద్వారా పంపుతాయి. అందుకే వాటిని ఉదయం ఇస్తారు. రాత్రి ఇస్తే రోగి నిద్ర లేచి చీకట్లో తూలి పడతాడు. అయితే ఉదయం బస్సెక్కి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి, పొలానికి వెళ్ళే స్త్రీలు మరుగుదొడ్డి వసతి లేక ఆ మాత్రనే వదిలేస్తారు. వదిలేశామని డాక్టరుతో చెప్పరు. ఆయన మోతాదు చాలలేదనుకొని పెంచుతాడు. దీనికి పరిష్కారం ఉంది. పని నుండి వచ్చాక మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకు వేసుకోవచ్చునా అని అడగాలి, చాలా సందర్భాలలో ఒప్పుకుంటారు. సిగ్గుపడి చెప్పలేని అత్తల తరఫున కోడళ్ళు అడగాలి.

ఈ మాత్ర వాడే గుండె బలహీనత రోగిని రోజూ ఉదయం, మూత్రవిసర్జన తర్వాత, ఏమీ తినకముందు, ఒకే తూకంపై నిలబెట్టి బరువు రాయాలి. రెండు మూడు రోజులలో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. కాళ్ళు వాయక మునుపే తూకం చెబుతుంది. రాత్రి ఒక దిండు చాలినవానికి మూడు దిండ్లు కావలసివస్తే, పడుకోగానే దగ్గి లేచి కూర్చుంటే, మరునాటి వరకు ఆగరాదు. దీనికి విరుద్ధంగా నోరు ఎండటం, పిక్కలు పట్టడం, మూత్రం తగ్గడం, నీరసం కనిపిస్తే నీరు, లవణాలు ఎక్కువగా పోతున్నాయని అనుమానించాలి. వాంతులు, విరేచనాలు పట్టిన రోజున నీళ్ళ మాత్ర, రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి యథాప్రకారం ఇవ్వడం మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. ఆ పూటే ఫోను చేసి కొనసాగించాలా ఆపాలా అడగాలి.

ఇక్కడే లేత కొబ్బరినీళ్ళ మాట. ఎండ మండే మన నేలపై రోగిని చూడవచ్చే బంధువు బోండాం తేవడం ఆచారం. వాటిలో పొటాషియం హెచ్చు. స్పైరోనోలాక్టోన్, రామిప్రిల్, టెల్మిసార్టాన్ పొటాషియాన్ని శరీరంలో నిలుపుతాయి. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి ఈ రెండూ కలిస్తే గుండె లయ తప్పవచ్చు. అలాంటి రోగికి వైద్యుని అడగక రోజూ కొబ్బరినీళ్ళు పోయరాదు. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేవాటిలో కూడా పొటాషియమే ఉంటుంది.

అటెనలాల్, మెటోప్రొలాల్, కార్విడిలాల్ నాడిని నెమ్మదింపజేస్తాయి. ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి. వీటిని ఉన్నపళంగా మానడం అన్నిటికన్నా ప్రమాదం, ఎదనొప్పి తిరగబెట్టవచ్చు, గుండెపోటూ రావచ్చు. అట్టలో నాలుగు రోజుల మాత్రలు మిగిలి ఉండగానే కొత్తవి తెచ్చుకోవాలి. మధుమేహం కూడా ఉన్నవారికి చక్కెర పడిపోయినప్పుడు రావలసిన వణుకు, గుండెదడ ఈ మందు వల్ల తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. కారణం లేకుండా చెమటలు పోస్తే చక్కెర పరీక్షించాలి. ఎక్స్‌ఎల్, ఎస్‌ఆర్, రిటార్డ్ అని పేరు చివర ఉన్న మాత్రలు మెల్లగా కరిగేలా చేసినవి. మింగలేకపోతున్నారని వాటిని నూరి పోయరాదు.

డిగాక్సిన్ అతి జాగ్రత్తగా ఇవ్వవలసిన మందు. 1785లో ఇంగ్లండులో విలియం విదరింగ్ అనే వైద్యుడు ఒక పూలమొక్క ఆకుతో నీరు పట్టిన రోగులకు చేసిన చికిత్సను గ్రంథస్థం చేశాడు. ఆ మొక్క జాతి నుండే ఈ మందు వచ్చింది. మేలు చేసే మోతాదుకూ, విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. అందుకే కొందరు వైద్యులు వారంలో అయిదు రోజులే వేసుకోమని, రెండు రోజులు విరామమని రాస్తారు. ఆ విరామ దినాలను కాలెండరులో కొట్టివేసి ఉంచాలి. నాడి 60 కన్నా తక్కువ ఉంటే ఆ పూట ఇవ్వక వైద్యునికి ఫోను చేయాలి. అన్నం సహించకపోవడం, వాంతి, చూపు పసుపుగా మారడం దీని విష లక్షణాలు. మన ఊళ్ళలో కంచెకు పెరిగే పచ్చగన్నేరులోనూ ఇదే జాతి విషం ఉంది. గుండె జబ్బుకు ఆ చెట్టు ఆకో గింజో నాటు వైద్యంగా ఇస్తామనేవారిని గడప తొక్కనీయరాదు.

రక్తం పలుచబరిచే మందులలో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఒక రకం. గుండెలో స్టెంట్ వేసినవారు వీటిని ఒక్కరోజు కూడా తమంతట తాము మానరాదు. పన్ను తీయించుకోవలసివచ్చినా గుండె వైద్యుని అడిగే నిర్ణయించాలి. వార్ఫరిన్, ఎసిట్రోం మరొక రకం. గుండె కవాటం మార్చినవారు ఎక్కువగా వాడతారు. వీటికి ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష క్రమంగా చేయించాలి. మునగాకు, ఇతర ఆకుకూరలు మానవలసిన పని లేదు, కాని ఒక వారం రోజూ తిని మరో వారం ముట్టకపోతే మందు లెక్క తప్పుతుంది. నల్లని మలం, చిగుళ్ళ నుండి ఆగని రక్తం, దెబ్బ తగలకుండా కమిలిన మచ్చలు, తలకు దెబ్బ తగిలిన తర్వాత మత్తు కనిపిస్తే ఆలస్యం కూడదు.

నాలుక కింద మాత్ర

సార్బిట్రేట్ అనే ఐసోసార్బైడ్ మాత్రను ఎదనొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకోవాలి, మింగరాదు. రోగిని కూర్చోబెట్టాలి. నిలబడి పెట్టుకుంటే రక్తపోటు పడి కూలిపోవచ్చు. అయిదు నిమిషాలలో నొప్పి తగ్గకపోతే 108కి ఫోను చేసి, వైద్యుడు ముందే చెప్పి ఉంటే రెండోది పెట్టాలి. తలనొప్పి వస్తే భయపడనక్కరలేదు. మందు పనిచేస్తోందనడానికి అది గుర్తు. మగవారి లైంగిక శక్తికై మందుల షాపులో అమ్మే సిల్డెనాఫిల్, టడలాఫిల్ మాత్రలు వేసుకున్నవారికి ఇది ఇస్తే పోటు ప్రాణాపాయస్థాయికి పడిపోతుంది. మొదటిదానికి ఒక రోజు, రెండోదానికి రెండు రోజుల ఎడం ఉండాలి. అడగడానికి ఇబ్బందిగా ఉన్నా, అన్నో తమ్ముడో చాటుగా అడిగి తెలుసుకోవాలి.

ఈ జాతి మందులలో మొదటిది నైట్రోగ్లిజరిన్. డైనమైటుకు ప్రాణమైన పదార్థం అదే. డైనమైటు కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కు 1896లో, ఆయన చివరి ఏట, వైద్యులు గుండెకు సూచించిన మందూ అదే. శివకాశి బాణసంచాలో వాడేది అది కాదు గాని, మన జిల్లావారికి ఈ ముచ్చట సులువుగా గుర్తుంటుంది. మాత్రలను పొయ్యి పక్కన, ఎండ తగిలే కిటికీలో, రోజంతా చొక్కా జేబులో ఉంచరాదు.

నొప్పి మాత్రలు, ఉప్పు, ఎండ

మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటివి చీటీ లేకుండానే కొని రోజుల తరబడి వేసుకోవడం ఇక్కడి ప్రతి ఊరిలోనూ ఉంది. ఇవి ఉప్పునూ నీటినీ నిలిపి రక్తపోటు పెంచుతాయి, గుండె బలహీనతను ముదరబెడతాయి, నీళ్ళ మాత్రతోనూ రామిప్రిల్ వంటివాటితోనూ కలిసి మూత్రపిండాలను చెడగొడతాయి. ‘మాత్రలు వేస్తున్నా బీపీ దిగడం లేదు’ అనే ఇళ్ళలో ముందు వెతకవలసింది ఈ నొప్పి మాత్రల అట్టనే. షాపులో ‘బీపీ మాత్ర వాడుతున్నాను’ అని చెప్పి, పారాసెటమాల్‌తో సరిపుచ్చుకోవచ్చునా అని వైద్యుని అడగాలి.

ఉప్పు రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కూరలో తగ్గించి ఊరగాయ, అప్పడం, ఎండుచేప వేసుకుంటే లెక్క సరికి సరి. సాత్తూరు కారాసేవు పేరు గొప్పదే గాని రోగికి రోజూ పెట్టేది కాదు. సాత్తూరు దోసకాయలు మంచివి, ఉప్పుకారం అద్దకుండా తినగలిగితే.

ఎండాకాలంలో చెమట వల్ల పోటు దానంతటదే కొంత దిగుతుంది. తూలిపడటాలు అప్పుడే ఎక్కువ. మంచం మీద లేచి కూర్చొని, రెండు నిమిషాలు ఆగి, తర్వాతనే నిలబడాలి. ఆడి మాసం చివరి శుక్రవారం ఇరుక్కన్‌గుడి మారియమ్మ గుడికి కాలినడకన వెళ్ళేవారు మాత్రల సంచి, చీటీ నకలు వెంట ఉంచుకోవాలి. ఉపవాసమైనా మాత్రకు కావలసిన నీళ్ళు తాగితే వ్రతభంగమని ఏ పెద్దలూ అనరు. ఒక పూట మరచిపోతే గుర్తుకు వచ్చినప్పుడు వేయవచ్చు, తర్వాతి పూట దగ్గరపడి ఉంటే వదిలేయాలి, రెండు కలిపి ఎన్నడూ వేయరాదు.

అత్యవసరంలో

యంత్రంలో 180/120 కనిపించినా రోగి మామూలుగా ఉంటే, కూర్చోబెట్టి పది నిమిషాల తర్వాత మళ్ళీ చూడాలి. కంగారుపడి అదనపు మాత్ర వేయరాదు. తగ్గకుంటే ఆ రోజే వైద్యునికి చూపాలి. ఎదలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఊపిరాడకపోవడం ఉంటే 108కి ఫోను చేయాలి. స్త్రీలలో, మధుమేహ రోగులలో నొప్పి లేక ఉత్త ఆయాసం, కడుపులో మంట, నీరసం మాత్రమే ఉండవచ్చు. ‘గ్యాసు’ అని సోడా తాగించి తెల్లవారేదాకా ఆగిన ఇళ్ళు ఎన్నో. తమిళనాడు ప్రభుత్వం 2023లో మొదలుపెట్టిన ‘ఇదయం కాప్పోం’ పథకం కింద గుండెపోటు లక్షణాలున్నవారికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ తొలి మోతాదును ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఇచ్చి పెద్ద ఆసుపత్రికి పంపుతారు. విరుదునగరంలో 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది.

మూతి వంకరపోవడం, మాట ముద్దకావడం, ఒక వైపు చేయి కాలు పడిపోవడం పక్షవాత లక్షణాలు. ఆ సమయంలో నోటిలో నీళ్ళు గాని, రక్తపోటు మాత్ర గాని వేయరాదు. నీళ్ళు ఊపిరితిత్తులలోకి పోతాయి, పోటు ఒక్కసారిగా దిగితే మెదడుకు నష్టం పెరుగుతుంది. చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకొని చెప్పాలి, చికిత్స దానిపై ఆధారపడి ఉంటుంది. ఆంబులెన్సు వచ్చేలోగా మాత్రల సంచి, రక్తపోటు రాసిన పుస్తకం, పాత ఇసిజి కాగితం గుమ్మం వద్ద సిద్ధంగా పెట్టాలి. రోగితో పాటు తమిళంలో తడుముకోకుండా చెప్పగలవారు ఒకరు ఎక్కాలి.